రాళ్ల సందుల్లో గడ్డి: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీయాలి, తీసింది మళ్లీ రాకుండా ఏం చేయాలి

తొలకరి పడిన వారం పది రోజులకే మా ముంగిట్లో బండల మధ్య గీతలన్నీ పచ్చబడతాయి. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు స్థలం. రెండడుగుల తాండూరు బండలు మట్టి మీదే పరిచినవి. బండకీ బండకీ మధ్య అంగుళం సందు. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి రెండేళ్లు ఆదివారం వస్తే చాలు, పీట వేసుకుని కూర్చుని పీకేదాన్ని. పీకిన చోటే పది రోజులకు మళ్లీ వచ్చేది.

మూడో ఏడు పొలాల్లో కలుపు తీసే ఒక పెద్దమ్మ మా వీధిలో పనికి వచ్చింది. కాసేపు నన్ను చూసి, "గట్ల పైపైన పీకితే ఎట్ల బిడ్డా, తల్లి కిందనే ఉండె" అంది. బండ పక్కన చిన్న కొడవలి మొన దించి, బొటనవేలంత నల్లటి గడ్డ ఒకటి పైకి తీసి చూపించింది. దానికి దారంలాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ. నేను రెండేళ్లుగా తుంగ ఆకులు కోస్తున్నానే తప్ప తుంగను తీయడం లేదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నాకు ఇంకో సంగతి కూడా అర్థమైంది. సందులో మట్టి ఉంది, తడి ఉంది, వెలుతురు ఉంది. ఈ మూడూ ఉన్నంతకాలం అక్కడ ఏదో ఒకటి మొలుస్తూనే ఉంటుంది. అందుకని ప్రతి సందు దగ్గరా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఇక్కడ ఏం ఉండాలి? మనం కోరి పెంచిన పచ్చికా, గట్టిగా కూరిన రాతిపొడా, సిమెంటా? ఏదీ పెట్టకుండా ఖాళీ మట్టిగా వదిలేస్తే ఆ చోటు కలుపుదే. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ముందు పెరడంతా ఒకసారి తిరిగి చూడండి

వాన కురిసి వెలిసిన మర్నాడు ఒక సుద్దముక్క పట్టుకుని తిరగండి. ఏ సందులో గడ్డి దట్టంగా ఉందో, ఎక్కడ అసలు లేదో గమనించండి. గేటు నుంచి గడప దాకా రోజూ నడిచే దారిలో గడ్డి చాలా తక్కువగా ఉంటుంది. పొద్దున్నే ఊడ్చి ముగ్గు పెట్టే చోటా అంతే. రోజూ చీపురు, పాదం తగిలే సందులో మొలక నిలదొక్కుకోలేదు. కుళాయి కింద, ఏసీ నీళ్లు కారే చోట, కుండీలు వరసగా పెట్టిన గోడ పక్కన మాత్రం ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుంది. అక్కడ గడ్డి పీకే ముందు నీళ్ల సంగతి చూడాలి. ఏసీ గొట్టాన్ని ఒక చెట్టు పాదులోకి మళ్లిస్తే ఆ మూల సగం పని అయిపోయినట్టే.

తర్వాత సుద్దతో గుర్తులు పెట్టుకోండి. రోజూ నడిచే చోటు, బండి నిలిపే చోటు, పెద్దవాళ్లు కర్ర ఊతంతో తిరిగే చోటు గడ్డి లేకుండా గట్టిగా ఉండాలి. కూర్చునే చోటు, పూలమొక్కల మధ్య దారి, పిల్లలు ఆడుకునే మూలల్లో పచ్చిక ఉంటే నేల చల్లగా ఉంటుంది, వాన నీళ్లు అక్కడే ఇంకుతాయి. ఇంటి గోడకు ఆనుకుని ఉన్న అడుగు వెడల్పు పట్టీలో మాత్రం ఏదీ పెరగనివ్వకండి. గోడ పక్కన ఎప్పుడూ తడి నిలవడం మంచిది కాదు, పురుగూ పుట్రా చేరడానికి అదే అనువైన చోటు.

2. మొలిచింది ఏమిటో గుర్తుపట్టండి

మనం అన్నిటినీ గడ్డి అనే అంటాం కానీ, వాటిని తీసే పద్ధతి ఒక్కటి కాదు. తెలంగాణ, ఆంధ్ర పెరళ్లలో బండల మధ్య తరచుగా కనిపించేవి ఇవి.

గరిక. నేల మీద పాకే తీగలతో పాటు నేల లోపల తెల్లటి కాండాలు కూడా ఉంటాయి. ప్రతి కణుపు దగ్గరా వేరు వేయగలదు. ఒక కణుపు ఉన్న ముక్క మిగిలినా మళ్లీ మొదలవుతుంది. దీనికి ఎండ ఎంత ఇష్టమో నీడ అంత పడదు. మామిడి చెట్టు కింద గరిక పలుచబడిపోవడం చూసే ఉంటారు.

తుంగ. ఇది నిజానికి గడ్డి జాతి కాదు. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి. మూడు పలకలుగా తగిలితే తుంగ. దీని గడ్డలే ఆయుర్వేదంలో తుంగముస్తలు. ఒక గడ్డ నుంచి వేరు పాకి ఇంకో గడ్డ, దాన్నుంచి మరొకటి, గొలుసులా పోతాయి. ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉన్నా కొన్ని ఇంకా లోతుకు దిగుతాయి. పై మొక్కను తెంపితే గొలుసులో నిద్రపోతున్న గడ్డలు లేచి మొలకెత్తుతాయి. నేను రెండేళ్లు చేసిన పొరపాటు సరిగ్గా ఇదే.

వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్లటి పూలు. చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం వస్తాయి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా దీన్ని ముట్టుకోకండి. పూత రాకముందే వేరుతో సహా తీసేయాలి.

గడ్డిచామంతి, రెడ్డివారి నానబాలు, నేల ఉసిరి, పులిచింత, గలిజేరు, గంగవాయిలి. ఇవన్నీ ఎక్కువగా విత్తనం నుంచి వచ్చేవి. లేతగా ఉన్నప్పుడు తడి మట్టిలోంచి రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తాయి. గలిజేరు ముదిరితే లావుపాటి వేరు లోతుకు దించుతుంది, అప్పుడు గునపం కావాలి. మందులు చల్లని శుభ్రమైన చోట మొలిచిన లేత గంగవాయిలి అయితే పారేయకండి, పప్పులో వేస్తే ఎంత బాగుంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రావి, మర్రి, వేప మొలకలు. వీటిని చూసిన రోజే తీసేయండి. ముఖ్యంగా రావి. రెండాకులు ఉన్నప్పుడు వేలితో వచ్చే మొలక, రెండేళ్లు ఆగితే బండను పైకి లేపుతుంది, పక్కనున్న గోడను పగలదీస్తుంది. పైన నరికితే సరిపోదు, నరికిన మోడు పక్క నుంచి మళ్లీ చిగురిస్తుంది.

3. తీయడానికి సమయం, పనిముట్లు

ఎండిన నేలలో కలుపు తీయడం అంటే సగం వేరును లోపల వదిలేయడమే. వాన పడిన మర్నాడు ఉదయం అన్నిటికంటే మంచిది. వాన లేకపోతే ముందు రోజు సాయంత్రం సందుల్లోకి నిదానంగా నీళ్లు వదలండి. పైన తడిస్తే చాలదు, నాలుగంగుళాల లోతు వరకు నానాలి.

పనిముట్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. సన్న సందుల కోసం చివర వంచిన పాత కత్తి, లేదా పట్టీ చుట్టిన హ్యాక్సా బ్లేడు ముక్క. అంగుళం సందులకు చిన్న కొడవలి, వెడల్పు మూతి ఉన్న స్క్రూడ్రైవర్. దగ్గర్లో కమ్మరి ఉంటే ఒక ఇనుప ఊచ చివర కొట్టి చదును చేసి, వంచి ఇమ్మనండి. పొడుగు పిడి పెట్టించుకుంటే నిలబడే పని చేయొచ్చు, మోకాళ్లకు బాధ ఉండదు. గట్టి చేతి తొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి మడత పెట్టిన గోనెసంచి తప్పనిసరి. సందులో వేలు పెట్టే ముందు ఊచతో ఒకసారి కదపండి. బండల కింద తేళ్లు, జెర్రులు ఉండటం మామూలే.

పని ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరస తప్పకుండా చేయండి. అక్కడొకటి ఇక్కడొకటి పీకితే అలసటే మిగులుతుంది. విత్తన కలుపు ముందు తీసేయండి, అది తేలిక. తర్వాత గరిక. మొన సందులోకి దించి మట్టిని వదులు చేసి, తీగ ఒక కొసను పట్టుకుని దాని వెంటే పోవాలి. బలంగా లాగితే తెగుతుంది, తెగిన ప్రతి ముక్కా మళ్లీ ఒక మొక్క. బండ కిందకు దూరిపోతే ఆ బండను గడ్డపారతో లేపడమే మంచిది. మీకు అవతలి వైపు అంచు లేచేలా చేయండి, కింద ఏదైనా పురుగు ఉంటే మీవైపు కాకుండా అటు పోతుంది. ఇద్దరు ఉండాలి. ఒకరు లేపి పట్టుకుంటే ఇంకొకరు చెక్కముక్క దోపాలి. ఒంటరిగా బండలు లేపొద్దు.

తుంగకు ఓపిక కావాలి. మొదటిసారి లోతుగా తవ్వి దొరికినన్ని గడ్డలు ఏరండి. అన్నీ దొరకవు. మిగిలిన గడ్డల నుంచి మొలకలు వస్తూనే ఉంటాయి. వచ్చిన ప్రతి మొలకనూ 15 రోజులకోసారి తీసేయండి, మూడు వారాలు దాటనివ్వొద్దు. ఆకు పెరిగి ఎండను తినడం మొదలైతే కింద కొత్త గడ్డ ఊరుతుంది. అంతకు ముందే తీసేస్తూ ఉంటే పాత గడ్డ తనలో దాచుకున్న బలంతోనే మళ్లీ మళ్లీ మొలిచి నీరసిస్తుంది. మా ముంగిట్లో ఇది పూర్తిగా తగ్గడానికి రెండు వానాకాలాలు పట్టింది. మొదటి ఏడాది మధ్యలో ఇక కాదనిపించింది, రెండో ఏడాది శ్రావణం వచ్చేసరికి తేడా కళ్లకు కనిపించింది.

తీసిన కలుపును అక్కడే కుప్పగా వదలకండి. గరిక, తుంగ గడ్డలు ఎర్రటి ఎండలో బండ మీద పలుచగా పరిచి, విరిస్తే పెళుక్కుమనేదాకా ఎండబెట్టాకే ఎరువు గుంతలో వేయాలి. పచ్చిగా వేస్తే ఆ ఎరువుతో పాటే మళ్లీ పెరట్లోకి వస్తాయి.

4. ఏం పోయకూడదో ముందు తెలుసుకోండి

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. పీకలేక విసిగినప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి పోయమంటారు. నాకు చెప్పినవాళ్ల మాట విని ఒక మూల బాత్రూమ్ కడిగే యాసిడ్ పోశాను. బండ మీద బుసబుసమని నురగ వచ్చింది. కడిగాక చూస్తే నున్నటి నీలి రంగు పోయి గరుకైన తెల్ల మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. గడ్డి మాత్రం నెల తిరక్కుండా వచ్చింది.

కారణం సులభం. తాండూరు బండలు, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్ బండలు, బేతంచెర్ల వైపు నాపరాళ్లు, నల్ల కడప రాళ్లు, ఇవన్నీ సున్నపురాయి. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరుగుతుంది. యాసిడ్ ఒక్కటే కాదు, వెనిగర్, నిమ్మ ఉప్పు నీళ్లు కూడా కొంచెం కొంచెంగా అదే పని చేస్తాయి. వెనిగర్‌తో గడ్డి చంపండి అని వీడియోల్లో చెప్పేవాళ్లు మన రాళ్లను చూసి చెప్పడం లేదు. మీ రాయి ఏదో తెలియకపోతే ఎవరూ చూడని మూల కాస్త గీకి రెండు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నటి బుడగలు వస్తే సున్నపురాయే. గ్రానైట్ అయితే బుడగలు రావు, కానీ అక్కడ కూడా వెనిగర్ ఆకును మాడుస్తుందే తప్ప గరిక కాండాన్నీ తుంగ గడ్డనూ ఏమీ చేయలేదు.

ఉప్పు పోయొద్దు. వానకు కరిగి పక్కనున్న మల్లె, గులాబీ, కరివేపాకు వేళ్లకు చేరుతుంది. చచ్చేది ఒక్క గడ్డే కాదు. రాయిలోకి ఇంకిన ఉప్పు ఆరినప్పుడు తెల్లగా పొంగి పైపొరను పొట్టులా రాలుస్తుంది. కిరోసిన్, డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాట అసలు ఎత్తొద్దు. ఆ మట్టి ఏళ్ల తరబడి పాడవుతుంది, బోరు ఉన్న ఇంట్లో అది మనం తాగే నీళ్లకే ముప్పు.

ఇక గడ్డి మందులు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో తెగుళ్ల నివారణ లైసెన్సు ఉన్న ఆపరేటర్లకే పరిమితం చేసింది. ఆ ఆదేశం ప్రకారం పెరట్లో మనంతట మనం చల్లడానికి లేదు. పారాక్వాట్‌కు అయితే విరుగుడే లేదు, పొరపాటున కొద్దిగా కడుపులోకి వెళ్లినా ప్రాణం పోవచ్చు. ఆ డబ్బా ఇంట్లో ఉండటమే ప్రమాదం. చెప్పుల్లేకుండా తిరిగే చోటు, పసిపిల్లలు పాకే చోటు, కోళ్లు గీరుకునే చోటు మన ముంగిలి. అంగుళం సందులో గడ్డి కోసం ఆ విషాలు తేవాల్సిన అవసరం లేదని గట్టిగా చెబుతాను.

గ్యాస్ మంటతో కాల్చడం కూడా సున్నపురాయి బండలకు వద్దు. ఒక్కసారిగా వేడెక్కిన రాయి పొర లేచి పగులుతుంది. ఎండుటాకులు ఉంటే నిప్పు ఎటు పోతుందో చెప్పలేం.

పోయగలిగింది ఒక్కటి ఉంది: మరిగే నీళ్లు. అప్పుడే మొలిచిన విత్తన కలుపు మీద బాగా పనిచేస్తాయి. గరికకు పై భాగమే మాడుతుంది కాబట్టి వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు పోయాలి. తుంగ గడ్డలకు లాభం లేదు. పొడుగు మూతి ఉన్న కెటిల్‌తో సందులోకి సన్నటి ధారగా పోయండి. పిల్లలు లేని సమయం చూసుకోండి, కాళ్లకు బూట్లు వేసుకోండి, మొక్కల పాదులకు మూరెడు దూరం పాటించండి. అన్నం వార్చిన గంజి మాత్రం పోయకండి, చీమలు చేరతాయి.

5. తీసిన సందును ఖాళీగా వదలొద్దు

కలుపు తీసి చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోతే సగం పనే చేసినట్టు. మట్టి కదిలించినప్పుడు లోపల పడి ఉన్న విత్తనాలు వెలుతురులోకి వస్తాయి. చాలా కలుపు విత్తనాలకు ఆ వెలుతురే పిలుపు. అందుకే బాగా గీకిన సందులోనే మరుసటి వారం ఎక్కువ మొలకలు కనిపిస్తాయి.

ముందు సందులోంచి ఒకటిన్నర, రెండు అంగుళాల లోతు మట్టిని తీసేయండి. అందులో క్రషర్ డస్ట్, అంటే కంకర మిల్లులో మిగిలే రాతిపొడి, లేదా రోబో ఇసుక నింపండి. పొడిగా ఉన్నప్పుడే చీపురుతో సందుల్లోకి తోసి, చెక్కముక్కతో కూరి, పైన నీళ్లు చిలకరించండి. కిందకు దిగుతుంది. మర్నాడు మళ్లీ నింపండి. మూడోసారికి బండ అంచుకు కాస్త కిందుగా నిలుస్తుంది. నది ఇసుక కన్నా రాతిపొడి మేలు, దాని కోసు అంచులు ఒకదానికొకటి పట్టుకుని గట్టిపడతాయి. మట్టి లేదు కాబట్టి మొలకకు తిండి తక్కువ. వచ్చినా వేరు పట్టు ఉండదు, వేలితో లాగితే వస్తుంది.

ఎంత కావాలో ఇలా లెక్కేయండి. రెండడుగుల చదరపు బండలైతే ప్రతి చదరపు అడుగు స్థలానికి దాదాపు ఒక అడుగు పొడవు సందు పడుతుంది. మా 300 చదరపు అడుగులకు 300 అడుగుల సందు. అంగుళం వెడల్పు, ఒకటిన్నర అంగుళాల లోతు అంటే మూడు ఘనపుటడుగుల పైచిలుకు. కూరినప్పుడు దిగుతుంది కాబట్టి నాలుగు అనుకోండి. సిమెంటు సంచిలో ఒకటింపావు ఘనపుటడుగు పడుతుంది. మూడు సంచులకు కాస్త పైన రాతిపొడి చాలు. ఇంత కొద్దిదానికి లారీ పిలవక్కర్లేదు, దగ్గర్లో ఇల్లు కట్టేవాళ్లను అడిగినా ఇస్తారు.

సిమెంటు పెట్టాలా అని చాలామంది అడుగుతారు. బండలు కాంక్రీటు మీద కదలకుండా పరిచి ఉంటే పెట్టొచ్చు. ఒక పాలు సిమెంటు, మూడు నాలుగు పాళ్లు ఇసుక కలిపి సందులు నింపి వారం రోజులు తడపాలి. మట్టి మీద పరిచిన బండలకు మాత్రం వద్దు. ముఖ్యంగా నల్లరేగడి నేలలో. వానకు ఆ నేల ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, బండలు దానితో పాటు కదులుతాయి. సిమెంటు చీలుతుంది, ఆ వెంట్రుకవాసి చీలికలో గరిక దూరుతుంది. అప్పుడు తీయడం మొదటికన్నా కష్టం. పైగా వాన నీళ్లు ఇంకే దారి మూసుకుపోయి వీధిలోకి పారతాయి. చెట్టు మొదలు చుట్టూ మూడడుగుల మేర ఎప్పుడూ సిమెంటు పెట్టకండి, వేళ్లకు గాలి, నీరు అందాలి.

పాలిమర్ కలిపిన ఇసుక కూడా దొరుకుతోంది. నీళ్లు చిలకరిస్తే గట్టిపడుతుంది. ఖరీదు ఎక్కువ. బండల మీద రవ్వంత పొడి మిగలకుండా ఊడ్చాకే తడపాలి, లేకపోతే రాయి మీద తెల్లటి పొరలా అంటుకుంటుంది. ఆ రోజు వాన పడకూడదు.

కొత్త కలుపు ఎక్కడి నుంచి వస్తోందో కూడా కనిపెట్టండి. మా ఇంటికి తుంగ వచ్చింది కుండీల కోసం తెప్పించిన ఎర్రమట్టితో. సగం మాగిన పశువుల ఎరువులో కలుపు విత్తనాలు బతికే ఉంటాయి, బాగా మాగిందే కొనండి. నర్సరీ నుంచి తెచ్చిన కుండీలో తుంగ పోచ కనిపిస్తే బండల మీద పెట్టకముందే గడ్డతో సహా తీసేయండి.

6. కావాలనే పచ్చిక పెంచేవాళ్లకు

బండల మధ్య పచ్చటి పట్టీలు చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటాయో, నిర్లక్ష్యం చేస్తే అంత త్వరగా చెదిరిపోతాయి. సందు రెండు నుంచి నాలుగు అంగుళాలు ఉండాలి. అంగుళం సందులో పచ్చిక ఎండకు మాడిపోతుంది, రెండు వైపులా రాయి వేడెక్కుతుంది కదా.

నర్సరీలో మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ అని పలకలుగా అమ్మే రకాలు నెమ్మదిగా పెరుగుతాయి. బండల మీదకు పాకడం తక్కువ, కత్తిరింపు తక్కువ. నా ఓటు వీటికే. కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. గరిక రకాలు వేగంగా అల్లుకుంటాయి, తొక్కుడుకు ఓర్చుకుంటాయి, కానీ వానాకాలంలో వారం వారం అంచులు కోయాలి. నీడ, తడి రెండూ ఉన్న మూలకు గడ్డి వద్దు, సరస్వతి ఆకు పెట్టండి. బాగా ఎండ తగిలి నీళ్లు అందని చోట గడ్డి గులాబీ బతుకుతుంది, దాని మీద నడవకూడదంతే.

సందులోని పాత మట్టిని నాలుగంగుళాలు తీసి, గరిక, తుంగ ముక్కలు లేకుండా జల్లించండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మికంపోస్టు కలిపి నింపండి. మట్టి మట్టం బండ కన్నా ముప్పావు అంగుళం కిందుగా ఉండాలి. ఇది అందరూ మరిచిపోయే కొలత. అంచు దాకా నింపితే పచ్చిక రాయి కన్నా ఎత్తై కాలికి తగులుతుంది, మట్టి బండ మీదకు కొట్టుకొస్తుంది, కత్తిరించేటప్పుడు కోసే అంచు రాయికి తగిలి మొద్దుబారుతుంది. పచ్చిక పలకను సందు వెడల్పుకు పట్టీలుగా కోసి అమర్చి, పాదంతో గట్టిగా అదమండి. పట్టీ చాలకపోతే రెండు మూడంగుళాల ముక్కలు అరడుగు దూరంలో నాటినా కలుసుకుంటాయి, కాకపోతే సమయం పడుతుంది. ఆ ఖాళీల్లో వచ్చే కలుపును మొదటి రెండు నెలలు చేత్తో తీస్తూ ఉండాలి.

జూన్, జులై నాటడానికి మంచి నెలలు. మొదటి రెండు వారాలు రోజూ తడపండి, తర్వాత వాన చూసుకుని రోజు మార్చి రోజు. అంచులు గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరతో బాగా వస్తాయి.

పచ్చిక మధ్య అడుగురాళ్లు వేసేవాళ్లు నడిచి చూసి వేయండి. మామూలుగా నడిచినప్పుడు ఒక రాయి మధ్య నుంచి తర్వాతి రాయి మధ్యకు దాదాపు రెండడుగులు వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల అడుగు కొలవండి. రాయి మందం కనీసం ఒకటిన్నర అంగుళాలు ఉండాలి, పలుచటిది విరుగుతుంది.

7. బండలు తీసి మళ్లీ పరవాల్సి వస్తే

బండలు ఎగుడుదిగుడుగా ఉండి, కింద అంతా తుంగే ఉంటే పీకుతూ కూర్చోవడం కన్నా ఒకసారి లేపడమే నయం. ఏప్రిల్, మే నెలలు ఇందుకు అనుకూలం. బండలు పక్కన పెట్టి, జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరండి. నేలను బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ పరిచి, అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదలండి. మన ఎండకు ఆ షీట్ కింద పై పొరలోని చాలా విత్తనాలు చస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలు కొన్ని మిగులుతాయి, ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత మూడు నాలుగు అంగుళాల కంకర వేసి దిమ్మెసతో కొట్టండి. నల్లరేగడి అయితే ఇంకో రెండంగుళాలు ఎక్కువ. దాని మీద నీళ్లు ఇంకే జియోటెక్స్‌టైల్ గుడ్డ, పైన అంగుళంన్నర రాతిపొడి, ఆ పైన బండలు. మామూలు ప్లాస్టిక్ పట్టా వేయొద్దు, నీళ్లు నిలుస్తాయి, తుంగ మొలక దాన్ని సూదిలా పొడుచుకుని వస్తుంది. వాలు ఇంటి నుంచి బయటకు ఉండాలి, పది అడుగులకు రెండంగుళాల చొప్పున. తాపీ మేస్త్రి సరే అన్నా మీరు దారం కట్టించి, బకెట్ నీళ్లు పోసి చూడండి. సందులు ఎంత ఇరుకుగా ఉంటే తర్వాత అంత తక్కువ పని.

8. ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

రోహిణి కార్తెలో నేల పొడిగా ఉంటుంది, సందులు నింపడానికి అదే సమయం. మృగశిర, ఆరుద్ర వానలకు మొదటి మొలకలు వస్తాయి. ఈ నెల రోజుల్లో వారానికి అరగంట పెడితే చాలు, మిగతా వానాకాలం తేలిగ్గా గడుస్తుంది. ఒక్క వయ్యారిభామ పూసి రాలినా, వచ్చే ఏడాది లెక్క మారిపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో బండల మీద పాకుడు పడుతుంది, గరుకు ఇసుక చల్లి కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. జారి పడే ప్రమాదం గడ్డి కన్నా దీనితోనే ఎక్కువ.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు అక్టోబరు, నవంబరు వానలతో రెండో విడత మొలకలు వస్తాయి, అప్పుడూ ఇదే పని. చలికాలంలో పచ్చిక ఎదుగుదల మందగిస్తుంది, నీళ్లు తగ్గించండి. సంక్రాంతి తర్వాత ఒకసారి సందులన్నీ చూసి, రాతిపొడి దిగిపోయిన చోట నింపండి. మా ఇంటికి ఏటా అర సంచి పడుతోంది.

తులసి కోట వెనక ఒక మూరెడు సందులో మాత్రం గరికను అలాగే ఉంచాను. వినాయక చవితి పత్రిలో దూర్వాలు మా పెరట్లోవే. అది బయటకు పాకకుండా చుట్టూ అరడుగు లోతున పాత రేకు ముక్కలు దింపి, పదిహేను రోజులకోసారి అంచులు కోస్తాను.